సందులో నిలబడేవాడు

మా గుణుపురం మైదానానికి గోడ లేదు.
ఓ పక్క వంశధార ఇసక, ఓ పక్క చిన్న రైలు పట్టా.
గట్టిగా తన్నితే బంతి ఏట్లో పడేది,
ఆటాపి అందరం ఈదేవాళ్ళం.

నాది ఆరో నంబరు.
అవతలివాడి కాళ్ళలోంచి బంతి లాక్కోవడం,
తవిటయ్యకి ఇవ్వడం.
అంతే నా పని.

తవిటయ్యది పది.
చొక్కా మీద ఆ అంకె మా అమ్మ కుట్టింది,
ఒకటేమో ఎర్ర గుడ్డ, సున్నా పచ్చది,
రెండూ పాత లంగాలవే.
వాడు పరుగెత్తేవాడు కాదు.
అవతలివాళ్ళ మధ్యవరసకీ వెనకవరసకీ నడుమ
బారెడు సందుంటుంది చూడండి,
అందులో నిలబడేవాడు,
సంతలో తోడొచ్చినవాళ్ళు తప్పిపోయినట్టు.
జనం తిట్టేవారు. తెలుగులో కొందరు, ఒడియాలో కొందరు,
కొండ దిగొచ్చిన సవర పెద్దలు వాళ్ళ మాటలో.
సోమరిపోతుని మూడు భాషల్లో ఏమంటారో
ఆ గట్టు మీదే నేర్చుకున్నాను.

పగలు వాడికి రైలు గేటు దగ్గర కాపలా.
రోజుకి రెండు బళ్ళు.
మిగిలిన పొద్దంతా
అటోసారి ఇటోసారి మెడ తిప్పి చూడటమే.
బంతి రాకముందూ అంతే,
ఎడమ భుజం మీంచి, కుడి భుజం మీంచి.
అది కాలికి తగిలే వేళకి
చూడవలసిందంతా చూసేసేవాడు.
అప్పుడు ఒక్క అర క్షణం ఆగేవాడు.
ఆ కాస్తలో ఎలీసా గొమాంగో
ఇద్దరి వీపుల వెనకనుంచి పరుగందుకునేవాడు,
తల కూడా ఎత్తకుండా.
బంతి వాడి ముందుకి వచ్చి పడేది.
వీడికి సవర రాదు, వాడికి తెలుగు అంతంతమాత్రం.
ఇద్దరూ మాట్లాడుకోగా నేను చూళ్ళేదు.

పర్లాకిమిడి వాళ్ళతో మేకపోతు పందెం ఆట.
తవిటయ్య మీద ఇద్దర్ని పెట్టారు,
నీడకి నీడ కట్టినట్టు.
వాడు సున్నం గీత దాకా నడుచుకుంటూ పోయి
చేతులు నడుం మీద వేసుకుని నిలబడ్డాడు.
ఇద్దరూ వెళ్ళి వాడి పక్కన నిలబడ్డారు.
నడిమధ్య ఖాళీ.
పెళ్ళివారు వెళ్ళిపోయిన పందిరంత ఖాళీ.
బంతి నా దగ్గరుంది. నడిచాను. కొట్టాను.
నా బతుక్కి అదొక్కటే గోలు.
దాన్ని వేసింది వాడే,
బంతిని ముట్టుకోకుండా.

ఇప్పుడు కోచ్ దిబాకర్ పాణిగ్రాహి,
చేతిలో పలక లాంటి ఫోను,
అందులో చుక్కలు, బాణాలు.
పది ఏదయ్యా అనడిగాను.
"పంచేశాం సార్" అన్నాడు.
చూపు వెనకవాడికి, పాసు ఎనిమిదికి,
సందులో నిలబడ్డం తొమ్మిదికి,
పరుగు మాత్రం అందరికీ.
బంతి పోయిన అయిదు సెకన్లలో మీద పడాలట,
ఊరికే నిలబడే హక్కు ఎవడికీ లేదట.

ఇల్లు పంచుకున్నప్పుడు
గదులు తలా ఒకటి వస్తాయి, బాగానే ఉంది.
గుమ్మం ఎవరి వాటా?

ఈ మాటే పట్టుకెళ్ళి తవిటయ్యతో అన్నాను.
గేటు ఎప్పుడో తీసేశారు.
పాత స్లీపరు దుంగల మీద కూర్చుని,
బీడీ ఆరిపోయినా చూసుకోకుండా ఆట చూస్తున్నాడు.
ఏడుస్తాడనుకున్నాను. నవ్వాడు.
"మంచిదే గదేట్రా.
నన్నొక్కడ్నీ కట్టీసినారంటే ఆటే ఆగిపోయీది.
అయిదుగుర్ని ఎలాగ కడతారు?"

నాకు జవాబు తోచలేదు.
కోపం కూడా వచ్చింది, వాడి తరఫున
నేను మోసుకొచ్చిన దుఃఖం వాడికి అక్కర్లేనందుకు.

అవతల, మూడో నంబరు గుంటడు
గీత వదిలి నడిమికి వచ్చాడు.
బంతి ఇంకా వాడి దగ్గరికి రాలేదు.
మెడ తిప్పాడు.
ఎడమ భుజం మీంచి. కుడి భుజం మీంచి.

తవిటయ్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.