చివరికి వాడేటోళ్లు

మడికొండ పారిశ్రామికవాడల మాది ఏడో షెడ్డు.
పదకొండు లేత్ మిషన్లు, ఒక కొలతల గది,
ఆ గది మూలకు నా బల్ల.
ఇనుము కోసుడు నాకు రాదు.
తయారైన సామాను ఎక్కడికి పోతదో
అడుగుడే నా కొలువు.

మా అవ్వకు ఎన్నిసార్లు చెప్పినా ఇది ఎక్కదు.
కొత్తవాడల ముప్పై ఏండ్లు జంపఖానాలు నేసింది ఆమె.
జర్మనీకి పోయినయట కొన్ని.
ఎవరి కాళ్ల కింద పరుచుకుంటరని
ఎవ్వరూ కాగితం అడగలే.
ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తా కాంటా ఎక్కితే
తేమ చూస్తరు, రంగు చూస్తరు, ధరకాడ కొట్లాడుతరు;
ఏ కంట్లె పడుతదని అడిగినోడు లేడు.

నేను అడగాలె.
స్కోమెట్ జాబితా తలగడంత మందం.
తుపాకి ఒక్కటే కాదు అందుల,
తుపాకి కడుపుల స్ప్రింగు,
స్ప్రింగు గీసిన కాగితం,
ఆ కాగితం చూసి ఫోన్ల చెప్పే ఉపాయం
అన్నీ ఎగుమతే.
ఆరో పద్దుల ఏమున్నదో నిద్రల లేపినా చెప్త.

శ్రావణంల ఒక ఆర్డరొచ్చింది.
అరచేతిల పట్టే రింగులు, రెండు వందల నలభై. టైటానియం.
కొనేటోళ్లు: ఏదో రేవు పట్నంల, నాలుగో అంతస్తుల, ఒక గది.
వాడకం: నీళ్ల పంపు.
రాజీరు సేటు ఆ ఆర్డరు కాగితాన్ని
బ్యాంకు వాయిదా కాగితం పక్కన పెట్టుకొని
చానాసేపు చూసిండు.

మొదటి రింగు కోసింది యాకూబ్ పాషా.
తండ్రి ఆజంజాహి మిల్లుల ఫిట్టరు; ఆ చెయ్యే ఈయనకొచ్చింది.
రింగు తీసి, బట్టతోని తుడిచి,
లోపలి అంచు వేలుతోని తడిమి
నా బల్ల మీద పెట్టిండు.
‘నీళ్లకు ఇంత నునుపెందుకు బిడ్డా?’

అంతే అన్నడు. చాయ్‌కి పోయిండు.

ఆ రాత్రే ఉత్తరం రాసిన.
అయ్యా, ఈ పంపు ఏ ఊళ్లె ఉన్నది?
ఎవరి చేనుకు నీళ్లు పెడుతది?
చివరికి వాడేటోళ్ల సంతకం, ముద్ర పంపుండ్రి.
మూడోనాటికి జవాబొచ్చింది.
పంపు ముచ్చట లేదందుల.
ధర మీద ఇరవై శాతం ఎక్కువిస్తమన్నరు.

సేటు తిట్టలే. తిడితే బాగుండు.
‘ఏడో తారీకు జీతాలున్నయి సరోజనా.
పంపని వాళ్లే రాసిచ్చిండ్రు గద,
అబద్ధమైతే పాపం వాళ్లది.’
‘కింద సంతకం మనది సారూ.’
ఫ్యాన్ తిరిగే చప్పుడు ఇనుకుంట కూసున్నం ఇద్దరం.
ఆఖరుకు ఆయనే లేచి
అప్పటికి కోసిన పదిహేడింటి పెట్టె మీద
సుద్దముక్కతోని ‘ఆపు’ అని రాసిండు.

ఆ నెల జీతాలు పంతొమ్మిదిన పడ్డయి.
రమాదేవి ఎప్పటిలెక్క
కూర గిన్నె నా దిక్కు జరుపలే.

గొప్పగ చెప్పుకునేటందుకు కాదు ఇది.
అన్ని ముద్రలూ పడి, అన్ని గడులూ నిండి
మా షెడ్డు దాటిపోయిన పెట్టెలు గూడ ఉన్నయి.
లైసెన్సు నంబరు, దేశం పేరు, పటాలం పేరు
అన్నీ నా చేతిరాతే.
అవి ఏ ఆకాశంల తిరిగినయో
ఏ గోడకాడ ఆగినయో
రాసేటందుకు ఆ ఫారంల గడి లేదు.
చానాసార్లు వెతికిన.

ఢిల్లీకి రాసిన ఉత్తరానికి
మేడారం జాతర దాటినంక జవాబొచ్చింది:
ఇంకో కాగితం కావాలెనట.
రింగులు మెట్ల కిందనే ఉన్నయి.
నెలకోసారి యాకూబ్ పాషా మూత తీసి
ఒక్కొక్కదానికి నూనె పూసి
మళ్ల కాగితంల చుట్టి పెడతడు.

టైటానియానికి తుప్పు పట్టదు.
ఆయనకు నాకంటే బాగ తెలుసు.