కారణం గడి

రిజిస్టరులో ఆ గడి వెడల్పు
నా బొటనవేలంత.
"రక్తస్రావం" అని రాస్తే
చివరి సున్నా గీత దాటి పక్క గడిలో పడుతుంది.

రాశాను. కింద సంతకం: రెలెబోహిలే, నర్సు.
తర్వాత పెన్నుకి మూత పెట్టలేకపోయాను.

జూలై. లెసోతో కొండలకు చలికాలం.
సెన్‌కున్యానే అవతలి గట్టు నుంచి
గుర్రం మీద తెచ్చారు ఆమెను,
ముందొకడు కళ్ళెం పట్టి, పక్కనొకడు నడుం పట్టి.
జీను కింద నుంచి కారిన ఎరుపు
మలుపు మలుపునా మంచులో ఉంది.
రేపు ఎండొస్తే అదీ ఉండదు.

మా దగ్గర కొత్త కోడలికి
కడుపు పండకముందే పేరు మారుస్తారు,
ఇంకా పుట్టని బిడ్డకు అమ్మని చేసి.
ఈమె మాపులానే. పులానే తల్లి.
పులానే అంటే వానతో వచ్చిన పిల్ల.
మూడేళ్ళు లేని బిడ్డ పేరున పలికి
నిన్న రాత్రి ఆ పేరు బాకీ తీర్చింది.

గడి ఇంకొంచెం పెద్దదైతే ఏం రాసేదాన్ని?
వంతెన అనా?
మూడు స్తంభాలు లేపి కాంట్రాక్టరు వెళ్ళిపోతే
వాటి మీద కాకులు కాపురం పెట్టిన వంతెన?
ఫ్రిజ్ అనా?
నవంబరులో సోలార్ బ్యాటరీ చచ్చి
పదకొండు రోజులు మందు ఎండకు ఉడికింది.
చూడ్డానికి సీసాలో నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.
నిన్న రెండు సూదులు పొడిచాను. గర్భసంచి బిగుసుకోలేదు.
తలుపు బయట మోకాలి లోతు మంచు,
లోపల వడదెబ్బ తిన్న మందు.
రక్తం జిల్లా ఆసుపత్రిలో ఉంది,
దారి తెరుచుకుంటే ఐదు గంటలు.

మాట్లాలి, ఆమె అత్త, చెడ్డ మనిషి కాదు.
బయల్దేరాలంటే కొడుకు సరేననాలంది, అంతే.
కొడుకు ట్లాలి రుస్టెన్‌బర్గ్ గనిలో,
భూమికి కిలోమీటరు లోతున. అక్కడ ఫోను మోగదు.
షిఫ్టు దిగి పైకొచ్చేసరికి ఇక్కడ చంద్రుడు కుంగాడు.
"తీసుకెళ్ళండి" అన్నాడట, ఇంకేమీ అడక్కుండా.
గుర్రం పక్కింటిది. వాళ్ళనీ లేపాలి కదా.

ఆమె అరచేతులు తెల్లగా ఉన్నాయి.
ఆ తెలుపు నిన్నటిది కాదు.
సంకటి గిన్నె ఇల్లంతా తిరిగి ఆమె దాకా వచ్చేసరికి
ఆకుకూర అడుగంటేది.
ఐరన్ మాత్రలిచ్చాను. కడుపులో తిప్పుతోందని మానేసిందట.
మానేశావా అని నేనూ అడగలేదు.

ఇక రాయకూడనిది.

జూన్ చివర్లో వచ్చింది తను,
కాన్పు ముందు ఉండే గదికి,
ఒక్కతే, నడిచి, సొంత కంబళి, సొంత పిండితో.
నాలుగో రోజు కట్టెలు అయిపోయాయి.
అడగడానికొచ్చింది. నాకు రెండు రాత్రుళ్ళుగా నిద్ర లేదు.
"నీకు కట్టెలు కొట్టడానికా నేను చదువుకుంది?"
వరండాలో అందరూ విన్నారు.
ఆమె కంబళి పిన్ను సరిచేసుకుంది.
తెల్లారేసరికి గది ఊడ్చి ఉంది.

ఆ మాట బరువెంత? బిడ్డ బరువులా గ్రాముల్లో రాయనా?

బిడ్డ రెండు వేల నూట పది.
ఆడపిల్ల. నీలంగా వచ్చింది. వీపు రుద్దగా రుద్దగా
చాలాసేపటికి, విసుగ్గా, ఏడ్చింది.
ఇప్పుడు మాట్లాలి ఎండిన రొమ్ముల మధ్య
చర్మానికి చర్మం తగిలి, కంబళి లోపల ఉంది.
ముసలామె నా వైపు చూడకుండానే అడిగింది,
"పేరేం రాశావు?"

పులానే అని రాశాను.
ఈ గడి కాస్త వెడల్పుగానే ఉంది.

కట్టెల కొట్టు తాళం తీసి
ఒక మోపు మోసుకెళ్ళి
ఆ గది గుమ్మంలో దించాను.
లోపల ఇద్దరున్నారు.
ఒకామె గబుక్కున లేచి కూర్చుంది,
ఏమంటానో అని.