అరగంటకోసారి

జయనగర్ ఆసుపత్రిలో నీ పనేంటని అడుగుతారు.

క్యాజువాల్టీ బల్ల మీది పేపర్‌వెయిట్ తీయించాను.
అరగంటకోసారి ఎవరో ఒకరు బయటికొచ్చి
"ఇంకా ఏమీ తెలీలేదు" అనైనా చెప్పాలన్నాను.
డాక్టర్లు నవ్వారు,
తెలీనిదాన్ని చెప్పేదేముందని.

నిన్న రాత్రి రెండున్నరకి
హిందూపురం నుంచి అంబులెన్సు వెనకే
బైకు మీద వచ్చినాయన
ఇనుప కుర్చీ పైకెత్తాడు.
గంటంబావు. ఎవరూ బయటికి రాలేదు.
సిస్టర్ షైనీ గోడకి అతుక్కుపోయింది,
గార్డు లాఠీ తీశాడు.
లాఠీని కళ్లతోనే ఆపి
ఓ పక్కగా, చెయ్యందనంత దూరంలో నిలబడి
"పిల్లోని పేరేంది న్నా?" అన్నాను.

రాత్రంతా కన్నడం, ఇంగ్లీషు విన్న చెవులు.
కుర్చీ కాళ్లు గాల్లో వణికాయి.
"ఓబులేసు."
ఆ పేరు పళ్లు బిగబట్టి అనలేం,
నోరు తెరవాల్సిందే.
కుర్చీ దిగింది.
అందులోనే కూలబడ్డాడు.
"వానికి చీకటంటే భయం మేడమ్,
లోపల లైటుందా?"
ఉందన్నాను. వెళ్లి చూసొచ్చి మళ్లీ చెప్పాను.

పొద్దున రిజిస్టర్లో
'సంఘటనలు' గడిలో సున్నా వేశాను.
జరగనిదాన్ని రాసే గడి ఇంకా ఎవరూ గీయలేదు.

షైనీ మందుల బీరువా తాళంచెవిని
గుప్పిట్లోంచి వదల్లేదు.
డ్యూటీ దిగి అరగంటైంది.
వెళ్లి ఆమె పక్కన కూర్చోవాలి.