అచ్చు ఏడ వెయ్యాలె

కొత్తవాడల మా దుకాణం.
షట్టర్ ఎత్తంగనే ముందుగాల
కాలిన రబ్బరు వాసన బయటికొస్తది,
తర్వాత నేను.

బడి పిల్లల టీషర్టులకు ఒక లెక్కుంది:
మెడ కుట్టు నుంచి నాలుగు వేళ్ళు కిందికి,
ఎడమ దిక్కు, అరచెయ్యంత.
క్రికెట్ పోరగాళ్ళకు వీపు నిండ పేరు,
పేరు కింద అంకె.
పదకొండు మందికీ ఏడో నంబరే కావాలె.
పెండ్లి బ్యాచులోళ్ళు బొడ్డు మీద గూడ వేయించుకుంటరు,
వాళ్ళిష్టం.

ఎనుమాముల మార్కెట్ నుంచి
హమాలీ సంఘపోళ్ళు వచ్చిన్రు.
మేడేకు నలభై, ఎర్రటివి.
సంఘం పేరు, పిడికిలి బొమ్మ.
కాగితం మీద కత్తిరించిన పిడికిలిని
అఫ్రోజ్ వీపు మీద ఆనిచ్చి చూపించిన:
వెడల్పు పన్నెండు ఇంచులు,
రోడ్డవతల నుంచి గూడ కనపడ్తది.

కొమురెల్లి ఏం మాట్లాడలె.
గిర్రున తిరిగి నాకు వీపు చూపించిండు.
రెండు రెక్కల నడుమ అంగీ జల్లెడయింది.
బస్తా ఆనే జాగల రంగు లేదు, దారం లేదు,
మిర్చి ఘాటు మాత్రం ఉంది.
రెండుసార్లు తుమ్మిన.
"గిక్కడ ఏస్తే
పది దినాలల్ల పిడికిలి
వేళ్ళిడుస్తది తమ్మీ."

రొమ్ము మీద?
దింపేటప్పుడు బస్తాను కావలిచ్చుకుంటరట.
కుడి భుజం? అది కొంకిది.
ఎడమ భుజం? టువ్వాలది.
పని ముట్టని చోటు
మనిషి ఒంటి మీద ఎంతుంటదో
ఆ పొద్దు టేపు పట్టుకొని దేవులాడిన.

మా నాయన జంపఖానాలు నేసేటోడు.
పువ్వు ఏడ పెట్టాలె అని
ఆయన ఎన్నడూ అడగంగ వినలె.
పోగుతోటే పుట్టేది పువ్వు,
బట్ట చినిగితే దానితోటే చినిగేది.
నాది నూట అరవై డిగ్రీలు, పదిహేను సెకండ్లు.
పైన అతుకుతది, పైనుంచే పోతది.
మిషన్ కొన్న నాడు నాయన వచ్చి
ఒక టీషర్టు తిరగేసి చూసి
"అవతలి దిక్కు ఏం లేదేంది బిడ్డా" అన్నడు.
ఛాయ్ తాగి పోయిండు.

గడప మీద కూసున్న ఉప్పలమ్మ
గొంతు సవరించుకుంది.
రాలిన మిర్చి ఊడ్చే ఆడోళ్ళ తరఫున వచ్చింది.
చీర మీద తొడుక్కునేవి, పద్నాలుగు.
"మాకు ముందట వద్దు, కొంగు కప్పుతది.
పొద్దందాక ఒంగే ఉంటం,
వచ్చిపొయ్యేటోళ్ళకు మా వీపులే.
వీపు మీద ఎయ్యి.
గని గట్ల కాదు."
లేచి, లేని చీపురు పట్టి ఒంగింది.
"సేటు ఎదురుంగ నిలబడి లెక్క జెప్తడు.
ఆడికెల్లి చూస్తే సక్కగ చదవరావాలె."

ఎదురుంగ పోయి నిలబడ్డ.
నిజమే. అక్షరాల తలలు
నడుము దిక్కు ఉండాలె.
"అక్కా, మరి మీరు నిలబడ్డప్పుడు
పేరు తలకిందులయితది కద?"
"నిలబడ్డప్పుడు మొకం ఉంటది కద" అన్నది,
అదేదో నాకు తెల్వాల్సిన ముచ్చటన్నట్టు.

కొమురెల్లి నవ్విండు. నవ్వుకుంట
చంక కింద పక్కకుట్టును చూపుడు వేలితోటి గీసిండు.
"మాకు గిక్కడ. చెయ్యెత్తితే కనపడాలె."
"చెమట పడ్తది అన్నా, అచ్చు ఆగదు."
"పడనీ. దానిక్కూడ అలవాటు కావాలె."

సగం పైసలు అడ్వాన్సు ఇచ్చి పోయిన్రు.

రాత్రి ఆడోళ్ళవి మొదలువెట్టినం.
మొదటిది తీసి చూసి అఫ్రోజ్
"ఉల్టా పడ్డది భయ్యా" అని
ఖరాబు కుప్పల ఏసిండు.
దాన్ని తీసి తొడుక్కొని
వాని ముందట ఒంగిన.
ఇప్పుడు చదువు.

కూడబలుక్కొని చదివిండు,
ఒక్కొక్క అక్షరం.
నడుము నొయ్యవట్టింది.
తొందరగ చదువురా, అని
ఎందుకో అనబుద్ధి కాలె.