ముందుగాల చార్జర్ పెట్టకు

ముందుగాల చార్జర్ పెట్టకు, లింబాద్రీ.
ఈ ఒక్క మాట చెవులేసుకో, తర్వాత చాయ్ తాగుదాం.
బండిని గోడకు ఆనిచ్చి నిలబెట్టు.
స్విచ్ ముట్టకు.
లైటు వెలుగుతదా లేదా అని చూడబుద్ధైతది,
చూడకు.

షార్జాల వాన ఏడాదికి రెండుసార్లొస్తది.
వచ్చినంక పోయే తొవ్వ తెలువక
రోడ్డు మీదనే కూసుంటది,
వీసా అయిపోయినోని లెక్క.
ట్యాంకర్లొచ్చి పైపులేసి గుంజేదాకా
మూడొద్దులు, నాలుగొద్దులు
మన ఇండస్ట్రియల్ ఏరియా మొత్తం
ఆయిల్ తెట్టె కట్టిన కుంట.

ఆ కుంటలకెళ్లి ఒంటిచక్రం మీద వచ్చినవ్ నువ్వు,
మోకాళ్లు జరంత వంచి,
భుజానికి పూల్ జాలి కట్టె,
చేపల్లేని జాలరి లెక్క.
నీళ్ల పనోనివి. నీళ్లంటే నీకు భయం లేదు.
పొద్దుమూకులు విల్లాలల్ల పూల్ కడుగుతవ్,
నీ తువ్వాలను క్లోరిన్ వాసన ఇడువదు.

“ఐపీ అరవై ఏడు అని డబ్బా మీద రాసుంది కదనే” అంటవ్.
రాసినోడు మంచినీళ్లల్ల ముంచిండు బిడ్డా,
కదలకుండ, అరగంట, కొత్త బండిని.
మూడెండకాలాలు ఎండిన రబ్బరుతోని ముంచలే.
స్పీడ్ బ్రేకర్ల మీదికెళ్లి దునికి దునికి
అంచులు వదులైనంక ముంచలే.
ఆ అంకె, పుట్టిన దినం రాసిన జాతకం.

ఇగ ఇప్పుదాం.
సైడు ప్యానెల్‌కు పదకొండు స్క్రూలుండాలె.
పది ఉన్నయ్.
నీకు అమ్మిన రోడెల్ ఒకసారి ఇప్పినట్టున్నడు,
చుట్టూ సిలికాన్ మస్తుగ పూసిండు,
స్క్రూ మాత్రం మర్చిపోయిండు.

చూడు, లోపల నీళ్లు లేవు.
నవ్వుతున్నవ్. నవ్వకు.
నీళ్లు పోయినయ్, ఉప్పును ఇడిసిపెట్టి.
బోర్డు మీద సున్నం పొక్కినట్టు తెల్లగ,
పసుపు వైరు మొదట్ల రాగి చిలుము పట్టి.
ఇది మొన్నటి వాన పని కాదు.
ఇది ఆగస్టు రాత్రుల పని.
అంగి ఆరేస్తే తెల్లారేసరికి ఇంకింత నానే రాత్రులు,
అద్దాలకు చెమటలు పట్టే రాత్రులు,
ఏసీ రూముల నీ మంచం కింద పండుకున్న బండి
పొద్దుగాల బయటికి రాంగనే
ఎవ్వలకు కనవడకుండ లోపల్లోపల తడిసింది.
సిలికాన్ ఆ తడిని పోనియ్యలే.
రానియ్యనిది పోను సుత ఇయ్యది.

అండర్‌పాస్ కాడ మూడుసార్లు కూసింది అంటివి,
దిగినవ్, మంచిగైంది.
ఇద్రీస్ దిగలేదు. ఆ సుడాన్ పిలగాడు.
చేతికి పట్టీతోని వచ్చి
బండిని సగం ధరకు నాకే అమ్మిపోయిండు.
కారు చెడిపోతే కారు ఆగుతది.
ఇది చెడిపోతే, ఇది ఆగుతది, నువ్వు ఆగవ్.
నువ్వు నిలబడ్డది చక్రం మీద అనుకుంటున్నవ్,
కాదు, ఇగో ఈ ఆరు చిన్న నల్ల బిళ్లల మీద,
చింతగింజలంత లేవు.

మేడం ఫోన్ చేసింది, పంపు మునిగిపోతుంది అన్నది,
టాక్సీ దొరకలే అంటవ్.
నాకెరుకే.
నేను తిడుతలేను.

బియ్యంల పెట్టుడు వద్దు, ఇది ఫోన్ కాదు.
కుంజుమోన్ చెప్పుల దుకాణంల
డబ్బాలల్ల తెల్లపొట్లాలుంటయ్,
“తినరాదు” అని రాసి.
సంచి నిండ అడుక్కరా.
ఉప్పు స్పిరిట్‌తోని నేను కడుగుత,
బోర్డుకు లక్క పూస్త,
పొట్ట కింద చిన్న బొక్క ఒకటి ఇడుస్త,
వచ్చిన నీళ్లు మల్ల పోవాలె కద.
బ్యాటరీ పొరల తడి తగిలిందా లేదా
మూడొద్దులకు గాని నేను చెప్ప.

అప్పటిదాకా నడువు.
ప్యాంటు మడుసుకో, మ్యాన్‌హోల్ మూతలు చూసి నడువు.

ఇగో, పోతపోత
ఆ చార్జర్ ఇక్కడ్నే పెట్టిపో.
బండి లేకపోయినా సరే.
రాత్రి పదింటికి తాళం తీయించి
“ఒక్కసారి పెట్టి చూద్దామనే” అంటవ్ నువ్వు.
నేను సుత సరే అంట.