ఒంటేలు దోవ

మా ఇంట్లో మనుషుల కంటే
దీనికి మాటలే ఎక్కువ.
అత్త పెంచలమ్మ "ఆయి" అంటుంది.
ఆయన రెండు వేళ్లు చూపిస్తాడు,
ఓట్లు అడుగుతున్నట్టు.
ప్లేస్కూల్లో మస్తానమ్మది "పాటీ".
నేనేమో ఏదీ తేల్చుకోలేక
"అదొస్తుందా?" అంటాను.
అది అంటే ఏదో
రెండేళ్ల మనిషికి ఎట్లా తెలిసేది?

జోషిత అన్నీ విని
ట్రంకు రోడ్డులో కొన్న ఎర్ర ప్లాస్టిక్ బాతు మీద కూర్చుని
తన మాట తనే పెట్టుకుంది: "మోటరు".
ఇందుకూరుపేటలో తాతయ్య చేలో చూసింది,
మీట నొక్కగానే గొట్టంలోంచి నీళ్లు దూకడం.
"అమ్మా, మోటరొచ్చింది" అంటే
స్టవ్వు మీద పాలొదిలేసి పరిగెత్తాలి.
ఎంతసేపు కూర్చున్నా ఏమీ రాకపోతే
రెండు చేతులూ తిప్పేసి
"కరెంటు లేదు" అంటుంది,
అచ్చం తాతయ్య విసుగుతో.

"దొడ్డికి" అనమని నేర్పబోయాను.
"దొడ్డేదీ?" అంది.
వేదాయపాళెంలో మూడో అంతస్తు మాది.
బాల్కనీలో గ్యాసు బండ, కరివేపాకు కుండీ,
ఆరేసిన చిన్న చెడ్డీలు ఏడు.
దొడ్డి పోయింది, గేదె పోయింది,
మాటొక్కటే మెట్లెక్కి వచ్చి
టైల్సు మీద నిలబడింది
కాళ్లు కడుక్కోకుండా.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు.
నీళ్లు పోసేటప్పుడు మాత్రం నవ్వు రాదు.
ఇది ముక్కు, ఇది భుజం, ఇది బొడ్డు
అంటూ సబ్బు దిగుతుంది.
బొడ్డు దాటాక నా నోరు ఆగిపోతుంది.
చెయ్యి తన పని తాను చేసుకుపోతే
మోకాలి కాడ మాట మళ్లీ అందుకుంటుంది.
"షేమ్ షేమ్" అంటుంది అత్త, తువ్వాలు పట్టుకుని.
ఇంగ్లీషు ముక్క రాని మనిషికి
ఇదొక్కటీ ఎవరు నేర్పారో.

నాకు ఏడేళ్లప్పుడు, అల్లూరులో, ఎండాకాలం,
మంట.
ఎక్కడే అంటే కడుపునొప్పి అన్నాను.
నా దగ్గరున్న మాటల్లో
అదే కాస్త దగ్గరది.
మూడు రోజులు వాము నీళ్లు తాగించారు.
నాలుగో రోజు జ్వరం.
నెల్లూరు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
"ఎక్కడ తల్లీ?" అంటే
కిటికీ చూపించాను.

మాట లేక కాదు.
నిఘంటువులో ఉన్నదానికి పిల్లల నోరు తిరగదు.
వీధిలో ఉన్నవాటిని
కొళాయి కాడ బిందెల కొట్లాటలో
ఎప్పుడో వాడేసుకున్నారు.
ఆడపిల్ల ఒంటికి మిగిలింది
ఒక సైగ, ఒక ఛీ.

ఆదివారం ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను,
ఏమని పిలుద్దామని.
ఆయన ఫోనులోంచి తలెత్తలేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.
అత్తే, చింతకాయంత రొయ్యలు వలుస్తూ,
"దానికేముందిమే. ఒంటేలు దోవ.
మా అమ్మ మంత్రసాని. అట్నే అనేది."
మరి షేమ్ షేమ్ ఏందత్తా అన్నాను.
"చదువుకున్నోళ్ల ఇంట్లో
అట్టంటారేమోననుకున్యా."

ఒంటేలు దోవ.
మొదటి రోజు గుసగుసగా అన్నాను,
బాత్రూం తలుపేసుకుని.
పది రోజులకి మోకాలన్నంత మామూలుగా వచ్చేసింది.
పిల్ల మాత్రం మోటరు వదల్లేదు.
వదలమని నేనూ అనలేదు.

మొన్న రోహిణి ఎండల్లో
రాత్రి రెండింటప్పుడు నా చెంప మీద చిన్న చెయ్యి.
"అమ్మా, కరెంటు ఉంది. మోటరొచ్చింది.
దోవ మంట."

లైటేశాను.
బార్లీ నీళ్లు కాచే గిన్నె కోసం వెతుకుతుంటే
నా చేతులు ఎందుకు వణికాయో
నాకు తెలుసు.

పొద్దున ఆసుపత్రి వరండాలో, ఎవరూ అడగకముందే,
జోషిత మళ్లీ చెప్పింది, గట్టిగా, మొత్తం.
బెంచీ మీది తలలన్నీ తిరిగాయి.
అత్త కొంగు సర్దుకుని, ఎదురుగా ఉన్న పెద్దాయనతో
"ఏందబ్బా అట్ట చూస్తుండావు?
మా పిలకాయకి మాటలొచ్చు" అంది.