కొలపుల్ల

మూడు నెలలు సబ్బుతోనే నెట్టుకొచ్చాను.
డిక్కీలో ఎడమవైపు ఆనుకున్న పెట్రోలు టాంకు
చెమ్మగిలిన చోటల్లా
ఎర్రసబ్బు అరగదీసి, అరగదీసి
చివరికి సబ్బయిపోయింది, వాసన మిగిలింది.
వీధి పిల్లలు ముక్కు మూసుకుని
"తాతా, బంకులో పడుకుంటున్నావా?" అన్నారు.

స్టాండర్డ్ హెరాల్డ్. అరవయ్యారు మోడల్.
నాకంటే పద్నాలుగేళ్లు చిన్నది.
మోకాళ్లు మాత్రం నావే నయం.

విశాఖలో పాతసామాన్లతను ఒకటి చూపించాడు,
ఇంకో హెరాల్డు కడుపు కోసి తీసింది.
మెడ సరిపోతుంది, రిజర్వు చెవి తిరుగుతుంది.
టార్చి వేసి చూస్తే
లోపల కందిపప్పు పోసినట్టు తుప్పు.
ఊపితే గిలక్కాయ.
ఉన్న రోగాన్నే నాలుగువేలిచ్చి
ఇంకోడి దగ్గర కొనడం దేనికని వచ్చేశాను.

కోయంబత్తూరులో ఎవరో అల్యూమినియంతో చేస్తారట.
ఫోటో పంపారు. కొత్తకాపురం గిన్నెలా తళతళ.
పన్నెండు వేలు, రవాణా వేరే.
రిజర్వు లేదు. "ఇప్పుడెందుకు సార్,
అడుగడుక్కీ బంకే కదా."
నిజమే.
నేను తిరిగిన రోజుల్లో
గజపతినగరం దాటితే గుడ్డిదీపం,
సాలూరు దాటితే దేవుడు.

పెట్రోలు ముల్లుని నేనెప్పుడూ నమ్మలేదు.
నాకో వెదురుపుల్ల ఉంది.
దానిమీద లీటర్లు కావు, ఊళ్లు.
అడుగునుంచి మొదటి గంటు గజపతినగరం,
తర్వాత రామభద్రపురం, ఆపైన సాలూరు,
అన్నిటికీ పైన, లోతుగా, మక్కువ.
వెళ్లి తిరిగి రావడానికి సరిపడా అని లెక్క.
ప్రతి గంటు దగ్గరా ఒక డేరా సినిమా,
డేరాలో ఒక ప్రొజెక్టరు
సగం ఆటలో గొంతు పట్టేసి
నాకోసం చూస్తూ ఉండేది.
కార్బన్ కడ్డీలు ఒళ్లో పెట్టుకుని వెళ్లేవాణ్ణి.
జనం ఈలలాపి బండికి దారిచ్చేవాళ్లు.
ఇప్పుడొకటి కల్యాణమండపం, ఒకటి ఎరువుల గోదాము.
మక్కువలోది ఏమైందో నేనడగలేదు.

దాసన్నపేట కూర్మయ్య దగ్గర పాత టాంకు దించాను.
నీళ్లు నింపి ఒంపి, నింపి ఒంపి,
ఎండలో బోర్లించి, ఒళ్లంతా తడిమి అన్నాడు:
"రేకు తెచ్చీండి బావూ, అచ్చు ఇలాగే సేసీగల్ను.
మెడ ఇదే అతికీవొచ్చు, చెవీ ఇదే.
మరీ సొట్ట?
ఇదీ కొట్టీమంటారేటి?"

నవ్వబోయాను. రాలేదు.

ఎనభై మూడులో, రామభద్రపురం మలుపులో
లారీకి తప్పుకోబోతే
వెనక ప్రొజెక్టరు లాంపు పెట్టె జారి
టాంకు డొక్కలో గుద్దింది.
ఆ ఏడే పుల్ల మళ్లీ చెక్కాను.
అంటే నా ఊళ్లన్నీ
ఆ సొట్టతో కలిపి కొలిచినవి.
అది లేకపోతే పుల్ల అబద్ధమాడుతుంది.
ఉండాలంటే మాత్రం,
డబ్బిచ్చి కొత్త రేకుని ఎవడు కుళ్లబొడిపించుకుంటాడు?

"రేపు చెప్తాను" అని వచ్చేశాను.
రాత్రి వరహాలు చింతపండు పిసుకుతూ అంతా వింది.
"ఐతే పుల్ల మార్చండి.
విజీనారంలో వెదురుకి కరువా?"

మర్నాడు సొట్ట వద్దన్నాను.
కూర్మయ్య మొహం కొంచెం చిన్నబోయింది,
అప్పటికే సుత్తి ఎంచి పెట్టుకున్నాడట.

ఐదు లీటర్లు పోసి పాతపుల్లే ముంచాను.
పైకి తీసి, ఆరిపోయేలోగా చదివాను:
తడి గజపతినగరం దగ్గరే ఆగింది.
బండి మాత్రం ఇంకాస్త పోతుంది.
సొట్ట ఉన్న చోట ఇప్పుడు పెట్రోలుంది కదా,
ఒక మూడు కిలోమీటర్లో, నాలుగో.
అక్కణ్ణించి నాకెప్పుడూ కబురు రాలేదు.
అక్కడ ఏ గంటూ లేదు.

వరహాల్ని ఎక్కమన్నాను.
చీరకొంగుతో సీటు దులిపి, "ఎక్కడికి?" అంది.
"సబ్బు కొనాలిగా" అన్నాను.